ఒక సీటు కోసం తొమ్మిదిమందిమి

ఆసుపత్రిలో ఆపరేషన్‌కి వెళ్ళబోయే మనిషి చేతికి కాగితం ఇచ్చి, "చదివి సంతకం పెట్టండి, అర్థం కాకపోతే అడగండి" అని చెప్పడం నా పనుల్లో ఒకటి. రోజుకి పదిసార్లు చెప్పేదాన్ని. చదవకుండా పెన్ను అందుకున్నవాళ్ళని కసిరేదాన్ని కూడా. అలాంటి నేను, కన్నకూతుర్ని ఊరి బడిలోంచి తీసేసి గంట దూరంలో ఉన్న ఇంకో బడికి పంపేస్తామన్న కాగితం మీద, ఒక్క అక్షరం చదవకుండా, పైగా నవ్వుతూ "థాంక్యూ" అంటూ సంతకం పెట్టి వచ్చాను. ఇప్పటికీ తలుచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

అవి డెబ్బైలు అయిపోవస్తున్న రోజులు. న్యూజెర్సీలో, ఎడిసన్‌కి అరగంట దూరంలో ఒక చిన్న ఊళ్ళో అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళం. మనవాళ్ళ దుకాణాలతో కిటకిటలాడే ఇప్పటి ఎడిసన్‌ని చూసి అప్పుడూ అలాగే ఉండేదనుకునేరు! కరివేపాకు కావాలంటే న్యూయార్క్ దాకా పోవాల్సిందే. నేను గుంటూరు నుంచి వచ్చిన నర్సుని. మా ఆయన మందుల కంపెనీ ల్యాబ్‌లో కెమిస్టు. మాకు ఒక్కతే పాప, అప్పటికి ఆరో ఏడు. పుట్టుకతోనే దానికి వినికిడి చాలా తక్కువ. ఆ సంగతి మాకు రెండేళ్ళు దాటాక గానీ తెలియలేదు. అదీ నా నర్సు చదువు గొప్ప.

గౌను మీద గుడ్డసంచీలో ఒక చిన్న మిషను, దాన్నుంచి రెండు చెవులకీ రెండు తీగలు. ఆ మిషనుతో కొంత వినేది, మన పెదాలు చూసి ఇంకొంత పట్టుకునేది. మాటలు ఆలస్యంగా వచ్చాయి గానీ, వచ్చాక మాత్రం ఆగలేదు. ముఖానికి ముఖం పెట్టి మాట్లాడితే చాలు, ఎవర్నైనా వాగి వాగి చంపేది. మా కింది వాటాలో ఉన్న తెల్లపిల్ల ఒకతి దీనికి ప్రాణస్నేహితురాలు. ఇద్దరూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని ఊరి బడిలో కిండర్‌గార్టెన్‌కి నడిచి వెళ్ళేవాళ్ళు.

ఏప్రిల్‌లో బడి నుంచి పిలుపు వచ్చింది, పాప వచ్చే ఏడాది చదువు గురించి మాట్లాడాలని. ఇద్దరం వెళ్ళాం. ప్రిన్సిపాల్ ఉన్నాడు, పాప కిండర్‌గార్టెన్ టీచర్ ఉంది, ఇలాంటి పిల్లల సంగతి చూసే కమిటీకి పెద్దగా ఒకావిడ ఉంది. ఆవిడ పావుగంట సేపు చాలా మర్యాదగా మాట్లాడింది. నాకు కొన్ని మాటలు తెలిశాయి, చాలా మాటలు తెలియలేదు. అడిగితే టీచర్ల ముందు తెలివితక్కువదానిలా కనబడతానేమోనని తల ఊపుతూ కూర్చున్నాను. ఆసుపత్రిలో పెద్ద పెద్ద డాక్టర్ల మీద అరిచే దాన్ని, టీచర్ ఎదుట కుర్చీలో వెనక్కి ఆనుకుని కూడా కూర్చోలేకపోయాను.

మా ఇళ్ళలో అంతే కదా. మా నాన్న నా ప్రోగ్రెస్ కార్డులో మార్కులు చూసేవాడు కాదు, టీచర్ సంతకం ఎక్కడుందో చూసి దాని కింద తన సంతకం పెట్టేవాడు. మా ఆయనా అలాంటి ఇంట్లోనే పెరిగారు. కమిటీ ఆవిడ కాగితం జరిపింది, నేను పెట్టాను, ఆయన పెట్టారు. "మీ హక్కులన్నీ ఇందులో ఉన్నాయి" అంటూ ఒక చిన్న పుస్తకం చేతిలో పెట్టింది. ఇంటికొచ్చి పొయ్యి మీంచి పప్పుగిన్నె దించి, ఆ పుస్తకం మీద పెట్టాను.

మూడో రోజు సాయంత్రం కిండర్‌గార్టెన్ టీచర్ ఇంటి నుంచి ఫోన్ చేసింది. ఇంకా పాతికేళ్ళు కూడా నిండని పిల్ల. గొంతు తగ్గించి మాట్లాడింది.

"ఆ రోజు మీరు దేనికి ఒప్పుకున్నారో మీకు అర్థమైందా?"

"మొదటి తరగతికే కదా?"

"అవును, కానీ మా బడిలో కాదు. వినికిడి లేని పిల్లల బడిలో. వ్యాన్ ఉదయం ఆరున్నరకి వస్తుంది."

మా ఆయన్ని దగ్గరికి రమ్మని చేత్తో పిలిచాను. ఆ పిల్లే మళ్ళీ అంది: "నేను చెప్పకూడదేమో గానీ చెబుతున్నాను. మీరు మనసు మార్చుకోవచ్చు. మళ్ళీ మీటింగ్ పెట్టమని అడగొచ్చు. ఆ పుస్తకంలో ఉంటుంది చూడండి."

పుస్తకం తీసి చూస్తే అట్ట మీద గుండ్రంగా పప్పుగిన్నె మరక. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. కుర్చీలో కూలబడి ఏడ్చాను. ఆ రెండో బడి చెడ్డదని కాదు. మంచి బడే, అక్కడ చదివి పైకొచ్చిన వాళ్ళని తరవాత నేను చూశాను. కానీ నా కూతురు వీధిలో పిల్లలతో కలిసి నడిచి వెళ్ళే బడి ఇది. దానికి స్నేహితురాలు ఉన్నది ఇక్కడ. నోరు తెరిచి మాట్లాడటం మరిగింది ఇక్కడ. అదంతా నా చేత్తో నేనే రాసిచ్చేశాను.

మా ఆయన నోట్లో నాలుక లేని మనిషి. నన్ను ఒక్క మాట అనలేదు. కళ్ళద్దాలు పెట్టుకుని ఆ పుస్తకం మొదటి నుంచి చివరి దాకా చదివారు. అది చాల్లేదు. మర్నాడు లైబ్రరీకి వెళ్ళి, అసలు చట్టమే కావాలని అడిగి తీయించుకున్నారు. రెండు వారాలు అదే చదువు. యూనివర్సిటీ పరీక్షలప్పుడు ఎలా చదివేవారో అలాగే, కింద గీతలు పెట్టుకుంటూ, పెదాలు కదుపుతూ. అన్నం తింటూ తింటూ ఆగి నాకు చెప్పేవారు. చట్టం కొత్తదట, దేశమంతా అమల్లోకి వచ్చి రెండేళ్ళు కూడా కాలేదట. పిల్లకి ఏ లోపం ఉన్నా సరే ప్రభుత్వ బడి వద్దనకూడదట. వీలైనంత వరకు మిగతా పిల్లలతో కలిపే చెప్పాలట. ఒక్కో పిల్లకి విడిగా ప్లాన్ రాయాలట, ఏటేటా మళ్ళీ చూడాలట.

"ఇంత రాసి పెట్టి కూడా మనల్ని అలా ఎలా పంపించేస్తారండీ?" అని నేను మండిపడ్డాను.

"రాసి ఉంటే చాలదు. అడగాలి. అడగందే అమ్మైనా పెట్టదంటారు కదా."

మళ్ళీ మీటింగ్ కావాలని ఉత్తరం రాశాం. మే నెలలో ఒక రోజు ఇచ్చారు. వాళ్ళు పంపిన నోటీసులో చివరన ఒక వాక్యం ఉంది: తల్లిదండ్రులు తమకి ఇష్టమైన వాళ్ళని మీటింగ్‌కి వెంట తెచ్చుకోవచ్చు. మా ఆయన దాని కింద రెండు గీతలు గీశారు.

ఆ శనివారం మా ఇంట్లో ప్రార్థన కూటం. అప్పట్లో మాకు తెలుగు చర్చి ఎక్కడిది? చుట్టుపక్కల ఊళ్ళలో ఉన్న నాలుగైదు కుటుంబాల వాళ్ళం వారానికొకరింట్లో కలుసుకునేవాళ్ళం. పాటలు, బైబిలు వాక్యం, ప్రార్థన, ఆ తరవాత కోడికూర. ఎవరికైనా ప్రార్థన అవసరాలు ఉన్నాయా అని అడగ్గానే నేను లేచి నిలబడ్డాను, మొత్తం చెప్పుకుని ఏడ్చేశాను. అందరూ మా పాప పేరు పెట్టి ప్రార్థన చేశారు. ఆమెన్ అనీ అనగానే మా పై వాటాలో ఉండే అక్క కొంగు దులుపుకుని లేచింది. ఆవిడా నర్సే, మాదే ఆసుపత్రి.

"ప్రేయర్ చేశాం సరే. మీటింగ్ ఏ రోజే? నేను డ్యూటీ ఛేంజ్ చేయించుకుంటా."

"నువ్వెందుకక్కా?"

"నువ్వొక్కదానివే వెళ్తే మళ్ళీ సైన్ చేసి వస్తావు. మొన్నటి నీ నిర్వాకం చాల్లే! మా నాన్న కూడా వస్తాడు."

వాళ్ళ నాన్న ఆ వేసవికి ఊరి నుంచి చుట్టపుచూపుగా వచ్చి ఉన్నారు. మిషన్ హైస్కూల్లో ముప్ఫై ఏళ్ళు హెడ్‌మాస్టర్‌గా చేసిన మనిషి. మేమంతా ఆయన్ని మాస్టారూ అనే పిలిచేవాళ్ళం. ఆయన గొంతు ఖంగుమనేది, ఆయన మాట వినడానికి మా పాపకి మిషను కూడా అక్కర్లేదని నవ్వుకునేవాళ్ళం. మాస్టారు వస్తానన్నాక ఇంకెవరు ఆగుతారు? మనవాళ్ళలో పిల్ల సంగతి ఏది తేలాలన్నా పెద్దమనుషులు వెంట ఉండాల్సిందే, సంబంధం ఖాయం చేసుకోవడానికి వెళ్ళినట్టు. "మేమూ వస్తాం" అంటే "మేమూ వస్తాం" అన్నారు. లెక్కేస్తే తొమ్మిదిమందిమి తేలాం.

"ఏవండీ, ఇంతమందిని రానిస్తారా?" అని గుసగుసగా అడిగాను.

"ఎంతమంది అని రాయలేదు," అన్నారు మా ఆయన. ఆయన అంత హుషారుగా నవ్వగా చూడటం చాలా రోజుల తరవాత అదే.

మీటింగ్ రోజున మూడు కార్లలో బయల్దేరాం. ఆడవాళ్ళం పట్టుచీరలు, మగవాళ్ళు కోట్లు. మాస్టారైతే మూడు గుండీల కోటు, మెడలో టై, చేతిలో బైబిలు. మమ్మల్ని చూసి ఆఫీసులో సెక్రటరీ, "ఏదైనా ఫంక్షన్ ఉందా?" అని అడిగింది. గదిలో ఉన్నవి ఆరు కుర్చీలు. ప్రిన్సిపాల్ పాపం పరిగెత్తుకెళ్ళి పక్క క్లాసులోంచి కిండర్‌గార్టెన్ పిల్లల కుర్చీలు మోసుకొచ్చాడు. మాస్టారికి పెద్ద కుర్చీ ఇవ్వబోతే, "ఆడవాళ్ళకివ్వండి" అని ఆయన చిన్న కుర్చీలో కూర్చున్నారు. మోకాళ్ళు గడ్డం దాకా వచ్చాయి. అక్క నా వైపు చూసింది, నేను అక్క వైపు చూశాను, ఇద్దరం పెదాలు కొరుక్కుని నవ్వు ఆపుకున్నాం. కిండర్‌గార్టెన్ టీచర్ మా పాపని కాసేపు బయట ఆడుకోమని పంపి వచ్చి కూర్చుంది.

కమిటీ ఆవిడ ఫైలు తెరిచింది. అంతే, మాస్టారు లేచి నిలబడి గొంతు సవరించుకున్నారు. బడిలో ఏ పని మొదలుపెట్టినా ముందు ప్రార్థన చేయడం ఆయనకి ముప్ఫై ఏళ్ళ అలవాటు. మాకూ అలవాటే. ఆయన లేవడమే తడవు, ఆడవాళ్ళందరికీ కొంగులు తల మీదికి వెళ్ళాయి, మగవాళ్ళు చేతులు కట్టుకున్నారు, కళ్ళు మూసుకున్నాం. "పరలోకమందున్న మా దేవా..." అని ఆ ఖంగుమనే గొంతు ఎత్తుకుంది.

"సర్! సర్, ఒక్క నిమిషం!"

కళ్ళు తెరిచి చూస్తే ప్రిన్సిపాల్ మొహం టమాటా పండులా ఉంది. "క్షమించాలి. ఇది పబ్లిక్ స్కూల్. బడి మీటింగ్‌ని ప్రార్థనతో మొదలుపెట్టకూడదు. చట్టం ఒప్పుకోదు," అన్నాడు.

మాస్టారు నిర్ఘాంతపోయారు. అమెరికా మిషనరీలు కట్టించిన బడిలో చదివి, ఆ బడిలోనే పనిచేసి రిటైరయిన మనిషి ఆయన. ప్రార్థన నేర్పినవాళ్ళ దేశంలోనే బడిలో ప్రార్థన తప్పా అని ఆయన మొహం మీదే కనబడింది. నాకైతే సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. మీటింగ్ మొదలవకుండానే చెడగొట్టాం, ఇక నా బిడ్డ సంగతి అయిపోయినట్టే అనుకున్నాను.

"చట్టమా?" అన్నారు మాస్టారు.

"అవును సర్. మనసులో చేసుకుంటే ఎవరూ కాదనరు."

"మనసులో అయితే కార్లోనే అయిపోయింది లెండి," అని ఆయన మళ్ళీ ఆ చిన్న కుర్చీలో కూర్చున్నారు. కిండర్‌గార్టెన్ టీచర్ కిసుక్కున నవ్వి నోరు మూసుకుంది. ప్రిన్సిపాల్ జేబురుమాలు తీసి నుదురు తుడుచుకున్నాడు.

కమిటీ ఆవిడ మొదటిసారి చెప్పిందే మళ్ళీ చెప్పింది. ఈసారి అర్థం కాని ప్రతి మాటకీ నేను చెయ్యెత్తాను. "దాన్ని మామూలు మాటల్లో చెప్పండి" అని అడిగాను. ఆవిడ విసుక్కోలేదు, చెప్పింది. ఈ బడిలో ఇంతకుముందు ఇలాంటి పిల్ల లేదు. మొదటి తరగతి టీచర్‌కి అనుభవం లేదు. పాప వెనకబడిపోతుందని వాళ్ళ భయం. ఆవిడ మాటల్లో చెడ్డ ఉద్దేశమేమీ లేదు, అదే నాకు మరీ కోపం తెప్పించింది. చెడ్డవాళ్ళతో పోట్లాడటం తేలిక.

అప్పుడు మా ఆయన మాట్లాడారు. గీతలు గీసుకున్న కాగితాల కట్ట ఒళ్ళో ఉంది గానీ, అది విప్పనే లేదు.

"ఇంకో బడికి పంపేముందు, ఇక్కడే ఉంచడానికి మీరు ఏమేం చేసి చూశారు?"

అంతే. అదొక్కటే ప్రశ్న. కమిటీ ఆవిడ ఫైల్లో కాగితాలు అటూ ఇటూ తిప్పింది. ప్రిన్సిపాల్ కిటికీలోంచి బయటికి చూశాడు. చేసి చూసింది ఏమీ లేదు. కిండర్‌గార్టెన్ టీచర్ మాత్రం, "నేను నా టేబుల్ ముందర కూర్చోబెట్టుకున్నాను. అదే సరిపోయింది, ఏడాది గడిచిపోయింది," అంది మెల్లగా.

మాస్టారు మళ్ళీ లేచారు. ప్రిన్సిపాల్ ఉలిక్కిపడి సగం లేచాడు. "ప్రార్థన కాదు, భయపడకండి," అన్నారు ఆయన. తరవాత తన పాతకాలపు ఇంగ్లీషులో, ఒక్కో మాటా నిలిపి నిలిపి చెప్పారు.

"నేను ముప్ఫై ఏళ్ళు హెడ్‌మాస్టర్‌ని. నా దగ్గరికి ఇలాంటి పిల్లలు నలుగురు వచ్చారు. నలుగురూ నాకు జ్ఞాపకమే. తండ్రులు భుజం మీద తువ్వాలు తీసి చేత్తో పట్టుకుని నిలబడేవాళ్ళు. నేను పిల్లవాడి తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసేవాణ్ణి. చేసి, ఇది వీడికి తగిన బడి కాదని పంపించేసేవాణ్ణి. నువ్వేం చేసి చూశావని నన్ను ఎవరూ అడగలేదు. అడగమని చెప్పే కాగితం మా దగ్గర లేదు. ఇవాళ మీ చట్టం నన్ను ప్రార్థన ఆపమంది, ఆ చట్టమే ఈ పిల్లని వద్దనకూడదంటోంది. నేను ప్రార్థన చేసి మరీ ఆ నలుగుర్నీ పంపేశాను." ఆ మాట చెప్పి కూర్చున్నారు.

నాకు ఏడుపొచ్చింది. ఒళ్ళూ మండింది. నేను ఓనమాలు దిద్దింది అలాంటి బడిలోనే. మా వీధిలో ఒక మూగపిల్ల ఉండేది, గేదెల వెంట తిరిగేది. దాన్ని ఏ హెడ్‌మాస్టర్ పంపేశాడో అని అప్పుడు మొట్టమొదటిసారి అనిపించింది. పక్కన అక్క తండ్రి చెయ్యి పట్టుకుని వేళ్ళు నిమురుతోంది. ఆయన మీద కోపం అంతలోనే కరిగిపోయింది. అన్నేళ్ళు పెద్దరికం చేసిన మనిషి పరాయి దేశంలో, చిన్నపిల్లల కుర్చీలోంచి లేచి ఆ మాట ఒప్పుకున్నాడు. అది ఎవరికి చేతనవుతుంది?

కమిటీ ఆవిడ పాత కాగితం తీసి పక్కన పెట్టేసి, కొత్త కాగితం తీసుకుంది. "నాకూ ఈ పని కొత్తే. చేసి చూద్దాం," అంది. ఒక ఏడాది ఈ బడిలోనే మొదటి తరగతి. ముందు వరసలో సీటు. టీచర్ మెడలో చిన్న మైకు వేసుకుంటే ఆ గొంతు నేరుగా పిల్ల చెవికి చేరే మిషను ఒకటి ఉందట, అది బడి తెప్పించాలి. మాటలు నేర్పే టీచర్ వారానికి మూడుసార్లు. వచ్చే వసంతంలో మళ్ళీ కూర్చుని చూడాలి. ఒక్కోటీ రాస్తూ, చదివి వినిపిస్తూ, "సరేనా?" అని మమ్మల్ని అడిగింది. నేను సరే అన్నప్పుడల్లా వెనకనుంచి ఏడుగురు కూడా సరే అన్నారు. ఆఖరికి ఆవిడ కూడా నవ్వి, మా మందని చూసి "సరేనా?" అని అడగడం మొదలుపెట్టింది.

బయటికి రాగానే అందరం ఒకరినొకరు వాటేసుకున్నాం. పాపకి ఏం జరిగిందో తెలియదు, అయినా అందరికంటే ఎక్కువ అదే గంతులేసింది. మాస్టారు చుట్టూ చూసి, "ఈ పార్కింగ్ లాట్ ఎవరిదమ్మా?" అని అడిగారు.

"బడిదే నాన్నా."

"అయితే అవతలికి పోదాం పదండి. చట్టం చట్టమే."

పట్టుచీరలు, కోట్లు, ముందు పాప, అందరం వరసగా రోడ్డు దాటాం. కార్లు ఆగి మాకు దారిచ్చాయి. అవతల గడ్డిలో నిలబడి మాస్టారు అక్కడ ఆగిపోయిన ప్రార్థన మళ్ళీ ఎత్తుకుని పూర్తిగా చేశారు. అంత పొడుగు ప్రార్థన నేను మళ్ళీ వినలేదు. సగంలో ఎవరో వచ్చి నా పక్కన నిలబడ్డారు. కళ్ళు తెరిచి చూస్తే కిండర్‌గార్టెన్ టీచర్. ఆమెన్ మాత్రం మా అందరికంటే గట్టిగా అంది. డిక్కీలో పులిహోర, కోడివేపుడు ఉన్నాయి. పనవుతుందో లేదో తెలియకుండానే అక్క తెల్లారుజామున లేచి చేసి తెచ్చింది. గడ్డిలో కూర్చుని తిన్నాం.

సెప్టెంబర్‌లో పాప ముందు వరసలో కూర్చుంది. మాస్టారు అప్పటికే ఊరికి వెళ్ళిపోయారు. క్రిస్మస్‌కి ఆయన దగ్గర్నుంచి నీలం రంగు ఎయిర్‌మెయిల్ కాగితం మీద ఉత్తరం వచ్చింది. తన పాత బడికి వెళ్ళి, చెవిటిపిల్లవాణ్ణి ఒకణ్ణి మొదటి బెంచీలో కూర్చోబెట్టించారట. మేనేజర్ గారు ఇది ఏ రూలు ప్రకారం అని అడిగారట. "ఇక్కడ అలాంటి చట్టం లేదమ్మాయ్. ఉందని చెప్పాను. నా జీవితంలో ఆడిన అబద్ధం ఇదొక్కటే. ప్రభువు దగ్గర నేను చూసుకుంటాను," అని రాశారు. అక్కా నేనూ ఆ ఉత్తరం చదువుకుని కడుపుబ్బ నవ్వాం. నవ్వుతూ నవ్వుతూ అక్క ఏడ్చేసింది.

వసంతంలో మళ్ళీ మీటింగ్ వచ్చింది. ఆ వారమంతా నాకు నిద్ర లేదు. ఏడాది అన్నారు, ఏడాది అయింది. మార్కులు బాగానే ఉన్నాయి గానీ ఆమధ్య పాప ఇంటికొచ్చి ముంగిలా కూర్చుంటోంది. అడిగితే చెప్పదు. దానికి కష్టంగా ఉందంటే ఆ రెండో బడే మేలంటారేమో, ఇంత గొడవ చేసి నా కూతురికి నేనే అన్యాయం చేశానేమో అని నాలో నేను నలిగిపోయాను. అందరూ మళ్ళీ వచ్చారు, మాస్టారు తప్ప. గదిలో ఈసారి పెద్దవాళ్ళ కుర్చీలు వరసగా వేసి ఉన్నాయి.

ఈసారి పాప కూడా గదిలోనే ఉంది. మొదటి తరగతి టీచర్ కాగితం చూసి చదివింది: లెక్కల్లో బాగుంది, చదవడంలో ఫరవాలేదు, కానీ మధ్యమధ్య పాఠం వదిలేసి ఎటో చూస్తుంది. కమిటీ ఆవిడ కుర్చీ పాప వైపు తిప్పుకుని, దాని మొహానికి ఎదురుగా వంగి, "నువ్వేమైనా చెబుతావా?" అని అడిగింది.

నేను అడ్డం పడబోయాను. దానికేం తెలుసు, చిన్నపిల్ల అనబోయాను. మా ఆయన నా మోచెయ్యి పట్టుకున్నారు.

మా పాప లేచి నిలబడింది. మిషను తీగ సర్దుకుంది. టీచర్ వంక చూడకుండా కమిటీ ఆవిడనే చూస్తూ, తనకి వచ్చిన ఆ బండ ఉచ్చారణలో గట్టిగా చెప్పింది.

"మా టీచర్ బోర్డుతో మాట్లాడుతుంది. అప్పుడు మైకు గరగరమంటుంది. మొహం కనబడదు. బోర్డుతో కాదు, నాతో మాట్లాడమనండి."

టీచర్ చెంపలు ఎర్రబడ్డాయి. "అయ్యో, నాకు తెలియనే లేదు. నాతో ఎందుకు చెప్పలేదు?" అంది. పాపకి ఆ మాట అందింది. "టీచర్‌కి ఎదురు చెప్పకూడదు, మా అమ్మ చెప్పింది," అంది. గదిలో అందరూ నా వైపు చూశారు. భూమి బద్దలై లోపలికి వెళ్ళిపోతే బాగుండుననిపించింది.

కమిటీ ఆవిడ పెన్ను తీసి ప్లాన్‌లో ఒక లైను రాసి చదివింది: వచ్చే ఏడాది కూడా ఈ బడిలోనే, ఏ టీచరైనా తరగతి వైపు మొహం పెట్టే మాట్లాడాలి.

పాప టేబుల్ మీదికి వంగి ఆ లైను చూసింది. "రాస్తే ఇంక అలాగే చెయ్యాలా?"

"చెయ్యాలి. తప్పదు."

పాప ఒక్క క్షణం ఆలోచించింది. "అయితే జిమ్ టీచర్‌ది కూడా రాయండి. ఆయన విజిల్ నోట్లో పెట్టుకుని మాట్లాడతాడు."

మా ఆయన నా వైపు చూశారు. నేను ఆపలేదు. ఇంకా ఏమేం ఉన్నాయో అన్నీ చెప్పనిచ్చాను.